బండి కింద నీడ

ఏప్రిల్ మధ్యాహ్నం ట్రైలర్ పక్క రేకు మీద అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. చేతికి తువ్వాలు చుట్టుకోవచ్చు, బజార్లో తొడుగులు కూడా దొరుకుతాయి. నేను మాత్రం ఉత్త చేత్తోనే రేకు తడుముకుంటూ, ప్రతి చక్రం దగ్గరా వంగి చూసుకుంటూ, బండి చుట్టూ రెండు చుట్లు తిరిగాకే తలుపు తీస్తాను. గుంటూరు శివారులో మా కోల్డ్ స్టోరేజీ ఆవరణలో ఇది చూసి నవ్వే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. లోడు ఎత్తుకుని పోవాల్సిన మనిషి లారీకి ప్రదక్షిణలు చేస్తోందేమిటని వాళ్ళ వేళాకోళం. నవ్వుకోనీ. మొదటి చుట్టు ఆంజనేయులు బాబాయి గారు నేర్పింది. రెండోది ఎలా వచ్చి చేరిందో చివర్లో చెబుతాను.

ఆయన నాకు చుట్టం కాదు. ముప్పై ఏళ్ళ పాటు లారీలు, ట్రైలర్లు తోలి, కంట్లో శుక్లాలు ముదిరాక మా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరిన మనిషి. నాదేమో వినుకొండ దగ్గర పల్లె. నాన్నకు నడుము పట్టేసిన ఏడు ట్రాక్టరు నా చేతికొచ్చింది. దుక్కి దున్నాను, ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించి పత్తి వేసుకుని మిల్లుకు తోలాను, ఊళ్ళో మగవాళ్ళకు నేనో వింత. తర్వాత రెండేళ్ళు వరసగా మిర్చి తామరపురుగు పాలైంది. ట్రాక్టరు అమ్మేసి గుంటూరు చేరి, ఇక్కడ మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, గోడౌన్ల మధ్య తిప్పే ట్రాక్టరు మీద పనికి చేరాను. ఓనరు గారు ఒకరోజు పిలిచి, ట్రైలర్‌తో సహా హెవీ లైసెన్సు తెచ్చుకుంటే కొత్తగా కొన్న బండి నాకే ఇస్తానన్నారు. కొత్త కాయ వచ్చేలోపు తెచ్చుకోలేకపోతే ఇంకో డ్రైవరును పెట్టుకుంటానని కూడా అన్నారు. నాన్న మందులూ, నా కూతురి చదువూ, అన్నీ ఆ మాటకే వేలాడుతున్నాయి.

డ్రైవింగు స్కూలు వాళ్ళు మామూలు లారీ నేర్పి కాగితం చేతిలో పెట్టారు గానీ ట్రైలర్ జోలికి పోలేదు. ఓనరు గారి అనుమతితో, ఆవరణ వెనక మూలన పడి ఉన్న పాత ట్రైలర్ బండి మీద బాబాయి గారు నాకు నేర్పడం మొదలుపెట్టారు. కళ్ళు సరిగ్గా కనపడని మనిషి ఏం నేర్పుతాడని నాకు లోపల అనుమానమే. పైగా నాకు పొగరు. ట్రాక్టరు ట్రక్కును వెనక్కి తోలడం నాకు ఎప్పటి నుంచో వచ్చు. తోక ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలని నాకొకరు చెప్పాలా?

మొదటి రోజే పరువు పోయింది. ట్రాక్టరు మీద అలవాటుగా సీట్లో నడుము తిప్పి వెనక్కి చూశాను. క్యాబిన్ గోడ తప్ప ఏమీ కనపడలేదు. బండి ముందు భాగం ఒకవైపుకూ ట్రైలర్ ఇంకోవైపుకూ మడత పడుతుంటే నా కుడికాలు రెండో బ్రేకు కోసం వెతికింది. ట్రాక్టరుకు ఎడమ చక్రానికో బ్రేకు, కుడి చక్రానికో బ్రేకు ఉంటాయి. బురదలో మలుపు తిరగాలంటే మేం ఒకవైపుదే తొక్కుతాం. లారీలో ఆ రెండోది ఎక్కడుంటుంది?

బాబాయి గారు దూరాన బస్తా మీద కూర్చుని చెవితోనే అంతా పట్టేశారు.

"ఏం తొక్కుతున్నావమ్మాయ్?"

"బ్రేకేనండీ."

"కాదు. పొలం తొక్కుతున్నావు. ముందు ట్రాక్టరు దిగి, ఆ తర్వాత లారీ ఎక్కు."

ఆయన చెప్పినవాటిలో కష్టమైనదల్లా ఒక్కటే. బండి కదిలించే ముందు దిగి చుట్టూ తిరగాలి, రేకు మీద చెయ్యి ఆనించాలి, కిందకు వంగి చూడాలి. వెనక్కి తోలుతూ మధ్యలో ఆపవలసి వస్తే మళ్ళీ దిగాలి. పది అడుగులకోసారి ఆపించి దింపేవారు. వెనకాల ఎవరైనా నిలబడి రైట్ రైట్ అంటే సరిపోదా అని అడిగాను. "వాడి నోరు వాడిది. తోలేది నువ్వు" అన్నారు. అద్దాలున్నాయి కదా అన్నాను. "అద్దానికి బండి కింద ఏముందో తెలుసా?" అన్నారు. ముసలాయన చాదస్తం అనుకుని, మాట వినకపోతే నేర్పడం మానేస్తారేమోనని దిగేదాన్ని. చెయ్యెందుకు ఆనించాలని అడిగితే మాత్రం జవాబు చెప్పలేదు. ఉత్తినే నడిస్తే మనసు ఎటో పోతుందనీ, రేకు చురుక్కుమంటూ ఉంటే బండి మీదే ఉంటుందనీ నాకు నేనుగా తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది.

పరీక్ష రోజు గ్రౌండులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు, ఆయన వెనక తమ వంతు కోసం పాతిక మంది మగవాళ్ళు. రెండు వరసల కర్రల మధ్యకు ట్రైలర్‌ను వెనక్కి పోనివ్వాలి. సగం దూరం బాగానే వెళ్ళాను. ట్రైలర్ ఎడమ మూల అద్దంలోంచి తప్పిపోయింది. ఆపాను, దిగాను, వంగి చూశాను. వెనక నుంచి నవ్వులు. "అక్కా, చెవిరింగు పడిపోయిందా?" అన్నాడొకడు. ఇన్‌స్పెక్టరు గారు కూడా "తోలడం వచ్చినవాళ్ళు మాటిమాటికీ దిగరమ్మా" అన్నారు. తిరిగి ఎక్కి, ఆ నవ్వుల ధ్యాసలోనే బండి కదిపాను. స్టీరింగు తిప్పాల్సిన దిక్కు తారుమారైంది. రెండు కర్రలు కింద పడ్డాయి.

గేటు దగ్గరకు వచ్చి ఆయన మీద విరుచుకుపడ్డాను. "మీ చాదస్తం వల్లే పోయింది. దిగకపోయి ఉంటే పాసయ్యేదాన్ని. మీకేం, మీ డ్రైవింగు మీరు చేసుకున్నారు. రేపు నా పిల్లకు మీరు పెడతారా అన్నం?" అన్నాను. ఆ చివరి మాట తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది. ఆయన గేటుకు గొలుసు వేశారు. "ఆదివారం ఖాళీగా ఉంటావా? ఒక ఊరు పోయొద్దాం" అన్నారు.

వినుకొండ దారిలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాం. చేలల్లో మిరపకాయ ఇంకా పచ్చిగానే ఉంది. ఒక ఇంటి ముందు మంచం మీద కోటమ్మ అనే పెద్దావిడ గుల్లల్లోంచి పత్తి తీస్తోంది. ఆవిడ ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు.

"ఏం ఆంజనేయులన్నా, ఈ ఏడు తోడు తెచ్చుకున్నావే?" అంది.

"నా దగ్గర బండి నేర్చుకుంటోంది. నీ సంగతి నువ్వే చెప్పమ్మా, నేను చెప్పలేను" అని బాబాయి గారు మంచం పక్కన నేల మీద కూర్చుని, తనూ ఒక గుల్ల అందుకున్నారు.

ఆవిడ పెద్ద విశేషమేం కాదన్నట్టు చెప్పింది. "కల్లంలో కాయ ఏరే పని మాది. అక్కడ చెట్టా పుట్టా? నెత్తి మాడిపోతంటే అన్నం తిని లారీ కింద చేరాం. అందరూ లేచారు, నాకు కన్నంటుకుంది. తెలిసిన బండే గదా, పోయేముందు అన్న దిగి లేపుతాడులే అనుకున్నా. వెనకాల ఎవరో రైట్ రైట్ అన్నారంట. ఆయన పోనిచ్చాడు. ఏటేటా పత్తి తీసే రోజుల్లో వచ్చి ఇట్టా కూర్చుంటాడు. ఎందుకు అన్నా, రాబాకు అంటే వినడు."

ఆయన తల ఎత్తలేదు. సరిగ్గా కనపడని కళ్ళతో వేళ్ళతోనే తడిమి గుల్లలోంచి పత్తి లాగుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. నేనూ మంచం ఇవతల కూర్చుని ఒక గుల్ల తీసుకున్నాను. సాయంత్రం దాకా ముగ్గురం అదే పని చేశాం.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "పరీక్షలో మళ్ళీ దిగమంటారా బాబాయి గారూ? ఈసారి పోతే బండి వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు."

"నీ ఇష్టం అమ్మా. బండి నీది" అన్నారు. దిగమనలేదు, వద్దనలేదు. ఏదో ఒకటి చెప్పేసి ఉంటే తప్పు ఆయన మీదకు నెట్టేసేదాన్ని.

రెండోసారి కూడా అదే గ్రౌండు, అదే ఇన్‌స్పెక్టరు గారు. కర్రల మధ్యకు సగం దూరం వెళ్ళాక ఎడమ మూల మళ్ళీ అద్దంలోంచి తప్పిపోయింది. దిగకుండా పోనిద్దామనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు. కాలు బ్రేకు మీద నుంచి లేవలేదు. ఆపి, దిగి, రేకు మీద చెయ్యి ఆనించి చుట్టూ తిరిగాను. నవ్వులు వినపడ్డాయి. వంగి చూశాను. బండి కింద ఎవరూ లేరు. ట్రైలర్ మూలకూ కర్రకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఎక్కి, ఆ జానెడే మనసులో పెట్టుకుని నింపాదిగా వెనక్కి పోనిచ్చాను. ఒక్క కర్ర కూడా పడలేదు.

"మళ్ళీ దిగావే. ఏం చూశావమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"కింద ఎవరూ లేరండి."

"లేరని నాకు తెలుసు కదా."

"నాకు తెలియదండి."

ఆయన కాగితం మీద సంతకం పెట్టారు. గేటు దగ్గర బాబాయి గారికి చెబితే, "కర్రలు పడ్డాయా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. వెళ్ళి రెండు టీలు పట్టుకొచ్చారు.

ఆ తర్వాత రెండు పంటలు చూసి బాబాయి గారు కన్నుమూశారు. పత్తి తీసే రోజుల్లో కోటమ్మ దగ్గరకు ఇప్పుడు నేను వెళ్తున్నాను.

ఇక రెండో చుట్టు సంగతి. కిందటేడు ఏప్రిల్లో లోడు ఎత్తుకుని, మామూలుగా చెయ్యి ఆనించి తిరుగుతుంటే వెనక చక్రాల మధ్య నలుగురు ఆడవాళ్ళు గోనెపట్టాలు పరుచుకుని నిద్రపోతున్నారు. మిరపకాయల తొడిమలు తీసే కూలీలు. రేకు మీద కొట్టి లేపాను. అందరిలోకీ పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ లేచింది. ఇంకెక్కడా చోటు దొరకలేదా, బండి కిందే పడుకోవాలా అని కసిరాను.

"ఏ బండి కిందా పడుకోమమ్మా" అంది. "నీ దాని కిందే. నువ్వు దిగి లేపుతావుగా."

నా అరచెయ్యి ఇంకా రేకు మీదే ఉంది. కాలుతోందని కూడా తెలియలేదు. వాళ్ళు పట్టాలు దులుపుకుని గోడ నీడలోకి వెళ్ళారు. నేను క్యాబిన్ దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, ఎక్కలేక, వెనక్కి వచ్చి ఇంకో చుట్టు తిరిగాను.