గుడిదీర్ఘం దగ్గర తగువు

నాకు ఇంగ్లీషు రాదంటే నేను ఒప్పుకోను. అప్పుడూ ఒప్పుకోలేదు. రాజమండ్రిలో డిగ్రీ మొదటి ఏడాది చదివే రోజుల్లో, ఒక ఇంగ్లీషు రాక్ పాటలో ఒకే ఒక్క మాట గురించి నా స్నేహితురాలితో నాలుగు నెలలు తగువు పడ్డాను. చివరికి గెలిచాను కూడా. ఆ గెలుపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ అమ్మాయిది జంగారెడ్డిగూడెం. వాళ్ళ నాన్నగారికి జీడిమామిడి తోటలున్నాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియం బీయస్సీలోకి వచ్చి పడింది. కాలేజీ పక్కనే హాస్టల్లో ఉండేది. నేనేమో ఊళ్ళోదాన్ని, ఇంటి నుంచి సైకిలు మీద వచ్చేదాన్ని. మా మావయ్య ఇచ్చిన వాక్‌మన్ ఒకటి నా సంచిలో ఎప్పుడూ ఉండేది.

మెయిన్ రోడ్డులో క్యాసెట్లు రికార్డు చేసే కొట్టొకటి ఉండేది. ఖాళీ క్యాసెట్టూ, పాటల చీటీ ఇస్తే కొట్టతను రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. మేం రాసిచ్చినవన్నీ తెలుగు పాటలే. చివర కాస్త టేపు మిగిలిందని అతనే ఆ ఇంగ్లీషు పాట ఎక్కించాడు. పాట పేరు తెలియదు, పాడిందెవరో తెలియదు. డ్రమ్ములు దబదబా మోగుతుంటే ఒకడు గొంతు చించుకుని పాడతాడు, అంతే. మా ఇద్దరికీ దాని పిచ్చి పట్టుకుంది. తెలుగు పాటలు వినడం మానేశాం.

మాలాంటి వాళ్ళందరం అప్పట్లో ఇంగ్లీషు పాటను తెలుగు అక్షరాల్లోనే రాసుకునేవాళ్ళం. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని, ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని, వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం, రాయడం. వారం రోజుల్లో పాటంతా కుదిరింది. కనీసం కుదిరిందని అనుకున్నాం. పల్లవి చివర ఒక్క మాట మాత్రం తేలలేదు. నేను 'ఐ కాంట్ లివ్ హియర్' అని రాశాను. ఆమె నా చేతిలోంచి పెన్ను లాక్కుని 'లి' మీదున్న గుడిని గుడిదీర్ఘం చేసింది. ఐ కాంట్ లీవ్ హియర్.

పాడేవాడు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఊపిరున్నంత సేపూ సాగదీస్తాడు. అంత సాగదీశాక అసలు మాట పొట్టిదో పొడుగుదో ఎవరికి తెలుస్తుంది?

"ఇక్కడ బతకలేనని మొత్తుకుంటున్నాడే తల్లీ. ఆ గొంతు వినపడట్లేదా నీకు?" అన్నాను.

"కాదు. ఇక్కణ్ణించి వెళ్ళలేనంటున్నాడు."

"వెళ్ళలేనివాడు అంత అరుస్తాడేంటి?"

"వెళ్ళలేకే అరుస్తాడు," అంది.

నేను ఆ మాట చెవిన పెట్టలేదు. నాతో వాదించేటప్పుడు ఎదుటివాళ్ళు చెప్పేది వినే అలవాటు నాకు ముందు నుంచీ తక్కువ.

నోటుబుక్కు ఒకరోజు నా దగ్గరుంటే ఒకరోజు ఆమె దగ్గరుండేది. నేను దీర్ఘం కొట్టేసి పంపితే, మర్నాడు దీర్ఘం పెట్టుకుని తిరిగొచ్చేది. ఆ చోట కాగితం అరిగి అవతల పేజీ కనపడసాగింది. ఇక లాభం లేదని పెద్దవాళ్ళను అడిగాం. "మాకొచ్చిన క్యాసెట్టు మీదే పేరూ వివరం ఏమీ లేవండి," అని కొట్టతను చేతులెత్తేశాడు. ఇంగ్లీషు మాస్టారు నోటుబుక్కు చూసి, "గ్రామర్ ప్రకారం రెండూ కరెక్టేనమ్మా," అన్నారు. బస్సు డిపోలో గుమాస్తాగా పనిచేసే మా నాన్న పాట మొత్తం శ్రద్ధగా విని, "లీవంటే సెలవు కదమ్మా. ఇక్కడ లీవు పెట్టుకోడం కుదరదంటున్నాడు. పాపం, ఎవరో మాలాంటివాడే," అన్నారు. నవ్వాను గానీ, అదే నిజమేమోనని ఒక పూటంతా నాకూ అనుమానంగానే ఉంది.

ఒక్కటి మాత్రం నాకు గట్టిగా తెలుసనుకున్నాను. ఈ పిల్ల 'లీవ్' అని అంత పట్టుబట్టడానికి కారణం రాజమండ్రి మీద మమకారం. ఇంకా చెప్పాలంటే నా మీద. పైకి నేను ఎంత పోట్లాడినా, లోపల ఆ దీర్ఘం చూసుకుని మురిసిపోయేదాన్ని.

హాఫ్ ఇయర్లీ మార్కులు వచ్చిన వారానికి వాళ్ళ నాన్నగారు వచ్చారు. హాస్టల్ వరండాలో బెంచీ మీద జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అంత పెద్దాయన నాకోసం లేవడం నాకు ఇబ్బందిగా అనిపించింది.

"మార్కులు చూశావా అమ్మా? అన్నిట్లోనూ తప్పింది. ఇంటికి వచ్చేయ్, మన ఊళ్ళోనే తెలుగు మీడియంలో చేరుదువుగాని అంటే నోరు విప్పదు. ఉంటావా అంటే దానికీ పలకదు. 'నా ఫ్రెండుని అడగండి నాన్నా, దానికి తెలుసు' అంటోంది. నువ్వు చెప్పు తల్లీ. దీనికి ఇక్కడ ఉండాలనుందా?"

ఆమె ఆయన వెనకాల నిలబడి చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. ఒకసారి తలెత్తి నా వంక చూసింది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉండాలనే ఉంది బాబాయిగారూ. ఇక్కణ్ణించి వెళ్ళలేనని రోజూ నాతో అంటుంది. రాసి కూడా చూపించింది," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "ఆ మాట చాలమ్మా. మార్కులదేముంది, అవే వస్తాయి," అని డబ్బా కూతురి చేతిలో పెట్టి, తల నిమిరి, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయారు.

ఆయన గేటు దాటాక ఆమె అడిగింది. "నేనేం రాసి చూపించాను?"

"దీర్ఘం పెట్టావుగా. లీవ్ అని."

"వెళ్ళలేనంటే వెళ్ళాలని లేదనా? వెళ్ళే దారి లేదని కదే," అంది. "క్లాసులో ఒక్క ముక్క అర్థం కాదు నాకు. తిన్నది ఒంటికి పట్టదు. నాన్న ఊరంతా చెప్పుకుని మరీ చేర్పించారు, ఆయన ముందు నా నోరు పెగలదు. నువ్వైనా చెప్తావనుకున్నాను."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది. అప్పుడు నేనన్న మాట తలుచుకుంటే నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది. "అయితే నేననే లివ్వూ, నువ్వనే లీవూ ఒకటేనన్నమాట," అన్నాను.

"అవును. ఒకటే."

"ఉండు, బస్టాండుకి వెళ్ళి బాబాయిగారికి చెప్పొస్తాను," అని సైకిలు తీశాను. హ్యాండిల్ పట్టుకుని ఆపింది. "వద్దు. నవ్వుకుంటూ వెళ్ళారు," అంది.

మర్నాడు నోటుబుక్కు వచ్చింది. పల్లవి వచ్చిన ప్రతిచోటా దీర్ఘం కొట్టేసి ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు నీటుగా. తగువు నేను గెలిచాను. ఆ తరవాత డిగ్రీ అయ్యేదాకా ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది, నోట్సులు ఇచ్చిపుచ్చుకుంది. ఇయర్‌ఫోన్ మాత్రం మళ్ళీ చెవిలో పెట్టుకోలేదు.

సప్లిమెంటరీలు రాసి పాసయింది. బీఈడీ చేసింది. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే ఇంగ్లీషు మీడియం పిల్లలకు సైన్సు చెబుతోంది. మరి నేను చేసింది మంచా, చెడా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెగదు. వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు ఆమెనే అడిగాను. "ఏమోనే. ఉద్యోగం బాగుంది. ఆ మూడేళ్ళు మాత్రం నేను తలుచుకోను," అని పులిహోర వడ్డించడానికి వెళ్ళిపోయింది.

వాళ్ళ నాన్నగారు ఏటా వేసవిలో నాకు జీడిపప్పు పంపిస్తారు. ఈ ఏడూ వచ్చింది. పొట్లం మీద ముసలి చేతి వంకర అక్షరాలతో మా చిరునామా, దాని కింద ఒక వాక్యం ఏటా ఉన్నట్టే ఉంది: 'మా అమ్మాయి మనసు తెలిసిన తల్లికి.'