నఖ్లే మింగిన గుక్క

జహ్లే ఊళ్ళో ఏటి ఒడ్డున మాకు చిన్న హోటల్ ఉంది. ఇరవై ఏళ్లుగా మా బల్లల మీదికి వైన్ ఒక్క చోటి నుంచే వస్తుంది. ఊరి పైన ద్రాక్ష నుంచి వైన్ తీసి అమ్మే ఆ కొట్టు నాకు పుట్టింటితో సమానం. వెళ్ళేది వైన్ కోసమే అయినా, నేను నమ్మేది మాత్రం నఖ్లే నోటిని.

నఖ్లేకి డెబ్బై దగ్గర పడ్డాయి. కొట్టు వెనక యజమాని ఇచ్చిన రెండు గదుల్లోనే భార్యతో కాపురం. నేలమాళిగలో జాడీలు కడగడం, మూతలకు మైనం పెట్టడం, రుచి చూడడం అన్నీ ఆయనే. నోట్లో పోసుకున్నదంతా బకెట్లో ఉమ్మేస్తాడు. అమ్మకానికి పనికొచ్చేదైతేనే మింగుతాడు. బాగుందని నోటితో చెప్పడు. హోటళ్ళవాళ్ళమూ పెళ్ళివారూ ఆయన గొంతు కదలడం చూసి కొంటాం. ఒక ఏడు పాత యజమాని ఎదుటే వరసగా పదకొండు జాడీలు ఉమ్మేశాడు. పెద్దాయన అన్నీ వెనిగర్‌కి పంపేశాడు.

ఆ పెద్దాయన పోయాక పెత్తనం అల్లుడు రిజ్క్ చేతికొచ్చింది. నిరుడు కొత్త వైన్ జాడీల్లోకి ఎత్తే వేళకి నఖ్లే భార్య వర్దేకు పక్షవాతం వచ్చి, ఆయన పది రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. జాడీలు చాలక రిజ్క్ ఆ వైన్‌ని అరక్ జాడీల్లో పోయించాడు. సోంపు వేసి కాచే ఆ సారా నిలవున్న మట్టి జాడీని ఎంత కడిగినా వాసన వదలదు. మా లోయలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి, బేరూత్‌లో పెరిగిన ఆ మహానుభావుడికి తెలియలేదు.

మార్చిలో జాడీలు తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. కప్పు ముక్కు దగ్గర పెట్టుకోగానే సోంపు వాసన గుప్పుమంది. అది వైన్ కాదు, దగ్గుమందు. రిజ్క్ ఏ మాత్రం సిగ్గు లేకుండా అది కొండమూలికల పరిమళమని చెబుతున్నాడు. బేరూత్ నుంచి వచ్చిన డజనుమంది అతిథులు కళ్ళు మూసుకుని ఆహా ఓహో అంటున్నారు. ఆ ముఖాలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు రిజ్క్ నఖ్లేని ముందుకు పిలిచాడు. బాబాయ్ మింగాడంటే ఇక తిరుగులేదని అతిథులకు చెప్పి, కప్పు అందిస్తూ గొంతు తగ్గించాడు. నేను పక్కనే ఉన్నాను.

"వెనక రెండు గదులూ అతిథులకి కావాలంటున్నారు బాబాయ్. పిన్ని మంచం అక్కడే ఉండాలో వద్దో నువ్వే చెప్పు."

నఖ్లే కప్పెత్తి నోటినిండా పోసుకున్నాడు. చాలాసేపు బకెట్ వైపు చూశాడు. ఉమ్మెయ్యి మహాప్రభో, వాడి బూట్ల మీదే ఉమ్మెయ్యి అనుకున్నాను. గొంతు కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎలా ఉంది అక్కా అని రిజ్క్ నన్నడిగాడు. బాగాలేదంటే అంతమందిలో నఖ్లే అబద్ధం బయటపడుతుంది. బాగుందన్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

బయటికొచ్చేసరికి నఖ్లే కుళాయి దగ్గర నోరు పుక్కిలిస్తున్నాడు. ఎన్నిసార్లు పుక్కిలించినా ఆపడం లేదు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఇక మీదట నా గొంతు చూసి కొనకు తల్లీ" అన్నాడు చివరికి. "నువ్వే తాగి చూసుకో."

వర్దేకు పప్పు సూప్ తాగించే వేళయిందని లోపలికి వెళ్ళిపోయాడు.