గొడుగుతో లేపమన్న సిపాయి

ఎండాకాలంలో గొడుగు మోయడం నాకిప్పటికీ నచ్చదు. ఆ రోజూ అమ్మ పోరు పడలేక దాన్ని చంకన పెట్టుకుని వరంగల్‌లో రైలెక్కాను. బర్మాలో యుద్ధం ముగిసిన ఏడాది అది. ఎదురుగా కూర్చున్న సిపాయి అక్కడి అడవుల్లో జపాను సేన వెనక దిగి పోరాడిన కమాండోనట. ఇంటికి పోతున్నాడు.

“నెక్కొండ వస్తే జర లేపు సారూ. చెయ్యి తాకియ్యకు, గొడుగుతోని బూటు మీద కొట్టు,” అని పడుకున్నాడు.

అంటూ ముట్టూ పట్టింపేమో అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి, అలాంటివి పాటించను. నెక్కొండ రాగానే ఆప్యాయంగా భుజం తట్టాను.

మరుక్షణం నేను కింద పడి ఉన్నాను. అతని మోకాలు నా ఛాతీ మీద, కత్తి నా గొంతు మీద ఉన్నాయి. కాలర్ తడిసింది, చెమటతో మాత్రం కాదు. అతని కళ్లు తెరిచే ఉన్నాయి గానీ, నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకున్నాయి.

నన్ను లేపి, తన రుమాలు నా మెడకు కట్టాడు.

“అడవిల గట్లనే నేర్పిండ్రు సారూ. మీద చెయ్యి పడ్డదంటే, వాడు నోరు తెరిచి ఒర్లకముందే గొంతు కొయ్యాలె. మాలో మేం గూడ కట్టెతోనే లేపుకునేటోళ్లం.”

గొడుగు అతని చేతిలో పెట్టి, ఇంట్లోవాళ్లకు ఇమ్మన్నాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇంట్ల నా చిన్నబిడ్డ ఉన్నది సారూ. అది గొడుగుతోని లేపదు, మీద వడి లేపుతది.”