చీరల కెమెరా ముందు నా గడ్డం

గడ్డం మీద మొదటి వెంట్రుకలు కనిపించినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మూడే మూడు, నల్లగా, బిరుసుగా. పీకేసి, అంతటితో పోయిందనుకున్నాను. ఏడాది తిరిగేసరికి అవి చెవుల ముందు నుంచి గొంతు దాకా పాకాయి. ఆ ఏడాదే పద్నాలుగు కిలోల బరువు పెరిగాను. నెలసరి మూడు నెలలకోసారి, ఒక్కోసారి అదీ లేదు.

మేం సూరత్‌లో డిండోలిలో ఉంటాం. నాన్న బమ్రోలి దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. అమ్మ ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటిస్తుంది. అమ్మ ముందు శనగపిండిలో పసుపు కలిపి నా మొహానికి రుద్దింది. చర్మం మండింది, వెంట్రుకలు చెక్కుచెదరలేదు. తర్వాత నా కంచం మీద పడింది.

"జర అన్నం తగ్గియ్యే. గింత లావైతే గవి రాక ఏమైతయి?"

నేను తినేది తనకన్నా తక్కువేనని చెప్తే నమ్మేది కాదు. బయట ఏదో తింటున్నానని అనుమానం. ఓసారి నా బ్యాగు కూడా వెతికింది. అందులో పట్టకారు, చిన్న అద్దం తప్ప ఏమీ దొరకలేదు.

మొదట చూపించుకున్న డాక్టరు స్కానింగు చూసి పీసీఓఎస్ అన్నాడు, హార్మోన్ల తేడా అట. బరువు తగ్గమన్నాడు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. ఎలా తగ్గాలి అని నేను అడిగేలోపే తర్వాతి పేషెంటును పిలిచాడు.

మా గల్లీ చివరి పార్లర్‌లో వారానికోసారి దారంతో తీయించుకునేదాన్ని. అది నాలుగు రోజులకోసారి అయింది. ఒకరోజు ఆ పార్లర్ ఆవిడ హిందీలో, అందరికీ వినపడేలా, "మీ గడ్డం చాలా గట్టిది అక్కా, దారం తెగిపోతోంది" అంది. కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు ఫోన్ల నుంచి తలెత్తి చూశారు. మళ్లీ అక్కడికి వెళ్లలేదు. మర్నాటి నుంచి నాన్న రేజర్ తీసుకుని బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని గీసుకోవడం మొదలుపెట్టాను. గీస్తే ఇంకా ముదురుతుందని అందరూ అనే మాట ప్రతి ఉదయం గుర్తొచ్చేది. అయినా గీసేదాన్ని.

ఒక ఆదివారం నాన్న సగం మొహం నురుగుతో బయటికి వచ్చాడు. "ఈ బ్లేడు మొన్ననే ఏసిన గదా, గప్పుడే మొద్దువారింది" అని అమ్మతో అంటూ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు బాత్‌రూమ్ అరలో ఒక కొత్త రేజర్ ఉంది, పక్కన బ్లేడ్ల ప్యాకెట్.

"గిదెవరిది?" అని అమ్మ అడిగింది.

"బిడ్డది. నువ్వు ముట్టకు" అన్నాడు నాన్న.

అంతకుమించి మా మధ్య ఆ సంగతి ఎప్పుడూ రాలేదు. ఆ రోజు నేను లోపల కూర్చుని ఏడ్చాను. నాన్న మంచితనానికి కాదు, ఆయన నాకు రేజర్ కొనాల్సి వచ్చినందుకు.

అప్పటికి నేను ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో పని చేస్తున్నాను. తెలుగు ఊళ్ల దుకాణదారులకు వీడియో కాల్‌లో చీరలు చూపించడం నా పని. పైట భుజం మీద వేసుకుని, అంచు కెమెరాకు దగ్గరగా పట్టుకుని, తెలుగులో వివరించాలి. దుమ్ము పడదని చెప్పి ఎప్పుడూ మాస్కు పెట్టుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం వరంగల్ వైపు దుకాణదారు ఒకాయన, "జర మాస్కు తియ్యమ్మా. మొహం పక్కన రంగు ఎట్ల కొడ్తదో చూడాలె" అన్నాడు. తీశాను. పొద్దున గీసుకున్నదే, అప్పటికే గడ్డం మళ్లీ నల్లబడింది. ఆయన పక్కనున్న ఆమె గొంతు తగ్గించి, "ఆ పిల్లకు గడ్డమున్నదేందయ్యా" అంది. నాకు స్పష్టంగా వినిపించింది. జరీ గట్టిది, ఉతికినా పోదు అంటూ నా ధోరణిలో చెప్పుకుపోయాను. ఆయన ఆర్డరు కూడా ఇచ్చాడు.

సంగతి మా దుకాణం యజమాని శేఠ్‌కి ఎలా చేరిందో తెలియదు. రెండు రోజుల్లో ఒక బొమ్మ తెచ్చి నిలబెట్టాడు. "చీర దీనికి కట్టు. నువ్వు ఫోను వెనక నిలబడి మాట్లాడితే చాలు" అన్నాడు. నాకు మేలు చేస్తున్నాననే అనుకుని ఉంటాడు.

బొమ్మకు చీరలు కడుతూ మొదటి మూడు నెలలూ కసితో బరువు తగ్గడానికి చూశాను. పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడక, మధ్యాహ్నం జొన్న రొట్టె, సాయంత్రం రెండు గుడ్లు. మెడికల్ షాపు ముందున్న తూకం మిషను మూడు కిలోలు తగ్గినట్టు చూపించింది. ఆ తర్వాత ముల్లు కదల్లేదు. దీపావళి గిరాకీలో నడక కుదరలేదు, దుకాణంలో తెప్పించిన, నూనెలో వేయించిన ఫాఫ్డాలే భోజనం. రెండు కిలోలు తిరిగి వచ్చేశాయి. మూడు నెలల కష్టంలో చాలామటుకు మూడు వారాల్లో పోయింది. మిషను మీద నుంచి దిగి దాన్ని కాలితో తన్నాను.

ఆ కోపంతోనే ఉధ్నాలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె ఎప్పుడు తింటానో, ఎన్ని గంటలు నిద్రపోతానో అడిగింది. గీస్తే వెంట్రుక మందం కాదని, నిశ్చింతగా గీసుకోమని చెప్పింది. లోపల హార్మోన్లు ఇలా ఉన్నప్పుడు బరువు తగ్గడం మిగతావాళ్లకన్నా కష్టమేనని, అది నా బద్ధకం కాదని అంది. ఆ మాట నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

"మీరు రాసిన మాత్రలు వేసుకుంటే ఇవి పూర్తిగా పోతాయా?" అని అడిగాను.

"పోవు. తగ్గొచ్చు. కనీసం ఆరు నెలలు చూడాలి" అంది.

పోతాయని అబద్ధమైనా చెప్పలేదని ఆమె మీదా కోపం వచ్చింది. కానీ మాత్రలు వేసుకున్నాను.

బొమ్మ మీద చీర జారే తీరు తెలియడం లేదని దుకాణదారులు గొణగడం మొదలుపెట్టారు. శేఠ్ ఇంకో అమ్మాయిని పెడదామంటే ఆమెకు తెలుగు రాదు. నేనే కట్టుకుని చూపిస్తాను, మాస్కు లేకుండా, అన్నాను. శేఠ్ నా గడ్డం వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"లోగ్ బోలేంగే" అన్నాడు. జనం అంటారని.

"బోల్నే దో" అన్నాను. అననీ అని.

మొదటి కాల్‌లో మెరూన్ చీర కట్టుకుని నిలబడ్డాను. అవతలి ఆయన మెరూన్‌లో ఇంకాస్త ముదురు ఉందా అని మాత్రమే అడిగాడు. తర్వాతి వారం ఇంకొకాయన నా మొహం చూసి ముసిముసిగా నవ్వాడు. రెండూ జరిగాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి.

మాత్రలు మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. నెలసరి వరుసగా వస్తోంది. బరువు ఐదు కిలోలు తగ్గింది, ఇంకా చాలా ఉంది. రోజూ గీసుకునేదాన్ని ఇప్పుడు రోజు విడిచి రోజు గీసుకుంటున్నాను.

"తగ్గినయి గదనే. ఇంకా గట్ల మొహం ముడుచుకుంటవేంది?" అంది అమ్మ మొన్న.

"ఎనిమిది నెలలు మాత్రలు మింగితే గీసుకోవడంలో ఒక్క రోజు మిగిలిందమ్మా."

"గదైనా నయమే గదా."

లేచి చెప్పులేసుకున్నాను. బయట వాన పడుతోంది. రోడ్డు మీద నడవడం కుదరక, కింద పార్కింగ్‌లో బళ్ల మధ్య అరగంట అటూ ఇటూ తిరిగి పైకి వచ్చాను.