పాత నూనెలో కొత్త నూనె

చిప్స్ వేయించే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ ముక్కు అక్క అనేవారు. ముక్కు పెద్దదే, దాని మీద కోపం కూడా ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది, కానీ పేరు వచ్చింది మాత్రం అందుకు కాదు. బాండీలో కాగే నూనె చెడబోతోందని మిగతావాళ్ల కంటికి ఆనకముందే ఆమె వాసన పట్టేసేది. నురగలు కక్కే నూనెలో ఇంత కొత్త నూనె పోసి పని కానిచ్చేద్దామని యజమాని చూస్తే, చిల్లుల గరిటె పట్టుకుని అడ్డం నిలబడేది.

“పాతదాంట్లో పోస్తే పాతది బాగుపడదయ్యా, కొత్తది కూడా చెడుతుంది. మొత్తం దింపించండి, బాండీ తోమించండి, అప్పుడు పోయండి.”

యజమాని గొణుక్కుంటూనే దింపించేవాడు.

ఆమె తమ్ముడు బస్సు డ్రైవరు. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది అక్కే. ఉన్నట్టుండి వాడి కాలేయం పూర్తిగా చెడిపోయింది. ఇంకొకరి కాలేయంలోంచి ముక్క తీసి పెడితే తప్ప బతకడని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. “నాది కోసుకోండి” అంది అక్క, కూరగాయ తరిగిచ్చినంత తేలిగ్గా.

రక్తం కలిసింది. కానీ స్కానింగులో ఆమె కాలేయానికే కొవ్వు పట్టిందని బయటపడింది. వాయి వాయికీ రుచి చూడటం, పొయ్యి వేడికి నీరసం రాకుండా చక్కెర దట్టించిన టీలు తాగడం, ఏళ్ల తరబడి అదే బతుకు మరి.

“ఇందులోంచి ముక్క తీస్తే మీ ఇద్దరికీ ప్రమాదమేనమ్మా,” అంది డాక్టరమ్మ. “కొవ్వు పేరుకుంటే దాన్ని ఖర్చు చేసే పనిలో ఆక్సిజన్ నుంచి ఫ్రీ రాడికల్స్ అనే దుడుకు కణాలు పుడతాయి. అవి కాలేయాన్నే కాలుస్తాయి. వాటిని అణచే యాంటీ ఆక్సిడెంట్లు ఒంట్లోనే తయారవుతాయి, కానీ కొవ్వు మితిమీరితే ఆ తూకం తప్పుతుంది. ముందు కొవ్వు తగ్గించండి. మీ తమ్ముడికి ఎక్కువ వ్యవధి లేదు.”

ఇంత చెబితే ఆ మహాతల్లి పట్టుకుంది ఒక్క మాటే. దారిలోనే మందుల షాపులో యాంటీ ఆక్సిడెంట్ మాత్రల సీసాలు కొని, పొద్దునా సాయంత్రం గుప్పెళ్లతో మింగింది. మాత్రలున్నాయిగా అన్న ధైర్యంతో టీ మానలేదు, రుచి చూడటమూ మానలేదు.

మళ్లీ స్కానింగు తీస్తే కొవ్వు చెక్కు చెదరలేదు. డాక్టరమ్మ సీసాలు చూసి తల పట్టుకుంది.

“ఇవెవరు వాడమన్నారు మిమ్మల్ని? ఇన్నిన్ని మింగితే మేలు మాట దేవుడెరుగు, కీడే జరగొచ్చు. లోపల కొవ్వు అలాగే ఉంటే ఇవేం చేస్తాయి?”

అక్క నోరెళ్లబెట్టింది. “అంటే నేను పాత నూనెలో కొత్త నూనె పోశానన్నమాట!”

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అక్కకు మాత్రం సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఊరందరికీ బుద్ధులు చెప్పే తను, సొంత కడుపు దగ్గరికొచ్చేసరికి బాండీ తోమకుండానే వదిలేసింది.

ఆ రోజు నుంచి ఆమె పట్టుదల చూడాలి. రుచి చూసే పని తోటిదానికి అప్పగించింది. టీలో చక్కెర పోయింది. బస్సెక్కడం మానేసి కార్ఖానాకు నడిచే వచ్చేది. ఎదురుగా వేడివేడి చిప్స్ గుట్టలు పోస్తుంటే నోరు కట్టుకుని నిలబడటం మాటలా? మనలాంటివాళ్లం మధ్యాహ్నానికే చేతులెత్తేసేవాళ్లం. ఆమెకూ ప్రాణం లాగేది, చిరాకులో యజమానిని రెండు తిట్టేది, మళ్లీ పనిలో పడేది.

తమ్ముడు మంచం మీద రోజురోజుకీ సన్నబడుతున్నాడు. అన్నం చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. “నా కోసం ఎందుకక్కా ఈ తిప్పలు, వదిలెయ్యి” అన్నాడొకసారి.

“నోర్మూసుకుని పడుకో. నీకు పాడైంది అంటగడతానా నేను?”

మూడోసారి స్కానింగు చూసి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. “ఇంత త్వరగా ఇంతలా తగ్గించినవాళ్లను నేను చూడలేదమ్మా. ఇక ఆలస్యం వద్దు.”

ఆపరేషన్ అయ్యాక, కుట్లు సలుపుతున్నా వినకుండా, అక్క నర్సు చేత చక్రాల కుర్చీలో తమ్ముడి గదికి తోయించుకుని వెళ్లింది. వాడు కళ్లు తెరిచి అక్కను చూశాడు. పెదాలు కదిపాడు. ఆమె ముందుకు వంగి చెవి ఒగ్గింది.

“ఆకలేస్తోందక్కా.”