తీగల కింది వెదురు బద్దలు

ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా వాయిద్యాల దుకాణం ముందు గిటార్లు వేలాడుతూ కనిపిస్తే నా కాళ్ళు ఊరుకోవు. లోపలికి వెళ్ళి, ఒకటి దించమని అడిగి, తీగను నొక్కి చూస్తాను. వేలికి లొంగకపోతే దుకాణదారుతో గొడవ పెట్టుకుంటాను. నాతో వచ్చినవాళ్ళు సిగ్గుపడి బయటే నిలబడతారు. నిలబడనీ. ఈ ఒక్క విషయంలో నాకు ఓపిక లేదు, తెచ్చుకోవాలనీ లేదు.

దీనికంతటికీ కారణం మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు. అంకీసలో మా రెండు కుటుంబాలదీ ఒకే వాకిలి. ఆయన వరి పండించేవాడు, ఎండాకాలం గోదావరిలో చేపలు పట్టేవాడు. గొంతు మాత్రం అబ్బబ్బ! భజనలో ఆయన పాట ఎత్తుకుంటే ఆడవాళ్ళు పొయ్యి మీది కూర సంగతి మరిచిపోయేవాళ్ళు. నా చిన్నప్పుడు ఒకసారి అహేరికి వెళ్ళి, దుకాణం ముందు వేలాడుతున్న గిటారు మీద మనసుపడి కొనుక్కొచ్చాడు. పాటకు తోడుగా వాయించుకోవాలని ఆశ. దాంతోపాటు వేళ్ళు ఎక్కడ పెట్టాలో బొమ్మలు వేసిన చిన్న పుస్తకం ఇచ్చారు. వేళ్ళు తెగి నెత్తురు వచ్చేదాకా నొక్కాడు పాపం. ఒక్క బొమ్మా పలకలేదు. చివరికి దాన్ని గోడకు తగిలించేశాడు.

"మనయి నాగలి పట్టే చేతులు బిడ్డా. గిసొంటియి మనకు రావు" అన్నాడు.

ఆ మాట అనేసి ఊరుకుంటే బాగుండేది. అప్పటి నుంచి భజనలో ఎవరైనా హార్మోనియం ఆయన వైపు జరిపితే చేతులు తువ్వాల కింద దాచుకునేవాడు. తాళాలు కూడా ముట్టుకునేవాడు కాదు. పాడటం, లేచి ఇంటికి రావడం, అంతే.

నేను సిరొంచలో పదకొండో తరగతి చదువుతున్నప్పుడు ఆ గిటారు దించాను. దుమ్ము దులిపి, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చిన్నమ్మ వడ్లు చెరుగుతూ నవ్వింది.

"ఓ పిల్లా, ఆ తీగలేంది గంత మీదికున్నయి? నా చీరన్న ఆరేసుకుంట, జర ఇటియ్యి!"

ఎగతాళికే అంది. నేను కూడా నవ్వాను కానీ, ఆ మాటను పట్టించుకోలేదు. తీగను నొక్కితే వేలు మధ్యలోనే ఆగిపోయేది. కష్టపడి గిటారు మెడకర్రకు ఆనించినా స్వరం పక్కకు పోయేది. కొద్దిరోజులకే నా వేళ్ళూ చీరుకుపోయి, అన్నం కలుపుకుంటే కారం మండేది. వాకిట్లో అందరిదీ ఒకటే పాట. మీ చిన్నబాపుకే రాలేదు, నీకేం వస్తది? ఆయన కూడా ఒకరోజు నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు, "వద్దు తియ్యి బిడ్డా, ఊకె పరేషాన్ గాకు. మన రక్తంల లేదది."

రోషం ముంచుకొచ్చింది. నేను కూడా దాన్ని మళ్ళీ గోడకు తగిలిస్తే ఆ మాట మా ఇంట్లో అందరికీ నిజమైపోతుంది. రేపు నా తమ్ముళ్ళకు, వాళ్ళ పిల్లలకు కూడా అదే చెబుతారు. చచ్చినా తగిలించనని అనుకున్నాను.

అంతలో సన్న తీగ తెగింది. కొత్తది కావాలంటే అహేరికే పోవాలి. గిటారును పాత చీరలో చుట్టి సర్కారు ఎస్టీ బస్సెక్కాను. అడవి రోడ్డు పొడుగునా అది నా మోకాళ్ళకు కొట్టుకుంటూనే ఉంది.

అదే దుకాణం. బయట ఢోల్కీలు, లోపల హార్మోనియంలు, చూరుకు వరసగా గిటార్లు. సేటు ఒక డబ్బా విప్పి కొత్త గిటారు బయటికి తీస్తున్నాడు. ఆయన నా తీగ వెతికేలోగా ఆ కొత్తదాన్ని ఒళ్ళోకి తీసుకుని పుస్తకంలోని మొదటి బొమ్మ ప్రకారం వేళ్ళు పెట్టాను. పలికింది! అన్ని తీగలూ శుభ్రంగా పలికాయి. వేలు అలా పెట్టగానే తీగ కిందికి వంగింది.

సేటు దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. తీగలు వదులు చేసి, గిటారు పొట్ట మీద తీగలు ఆనుకునే తెల్ల పట్టీని పైకి లేపి, దాని కింద రెండు వెదురు బద్దలు దోపాడు. మళ్ళీ బిగించి చూరుకు వేలాడదీశాడు. ఇప్పుడు అదీ మా గిటారు లాగే ఉంది. పై వరస అంతా చూశాను. అన్నిటికీ అవే బద్దలు.

"సేటూ, గవెందుకు పెడుతున్నవు?"

"అరే తాయీ, వచ్చే గిరాకీ అంత భజనోళ్ళే. గిటారు దింపంగనే ఏక్‌తార లెక్క ఒక్క తీగను గట్టిగ గుంజి ఇడుస్తరు. తీగ కిందికుంటే కర్రకు తగిలి గిర్రుమంటది. ఖరాబుందని ఎల్లిపోతరు. మీదికి లేపితే ఖంగుమంటది, ఖుషీగ కొంటరు."

"మరి నొక్కుడు ఎట్ల?"

"దుకాణంల ఎవలు నొక్కుతరు?" అని ఆయన నవ్వాడు. "ఇన్నేండ్లల్ల ఒక్కడు గూడ వాపస్ తేలే."

"ఎట్ల తెస్తరు? తప్పు తమ చేతులదే అనుకుంటరు గద!" అని అరిచేశాను. బజారులో పోయేవాళ్ళు ఆగి చూశారు. సేటు బిత్తరపోయాడు. ఆయన మోసగాడు కాదు, అదే ఇంకా మంట. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు ఆ మనిషి.

కొత్త తీగ కొనుక్కుని ఇంటికి రాగానే చేసిన మొదటి పని మా గిటారులోని బద్దలు లాగేసి దాన్ని బిగించడం. ఒక తీగ కొంచెం గిర్రుమంది. జేబులోని బస్సు టికెట్టును మడిచి పట్టీ కింద దోపితే అదీ ఆగింది. గిటారు తీసుకెళ్ళి చిన్నబాపు ఒళ్ళో పెట్టాను. ఆయన చేతులు తువ్వాల కిందికి పోబోయాయి. నేను పట్టుకుని బయటికి లాగాను.

"ఒక్కసారి. మొదటి బొమ్మ."

ఆయనకు ఆ బొమ్మ ఇంకా గుర్తుంది. అన్నేళ్ళయినా వేళ్ళు తడుముకోకుండా వాటి చోట్లకు పోయాయి. మీటాడు. వాకిలంతా వినబడింది. చిన్నమ్మ చాట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన మళ్ళీ మీటాడు. నేను రెండు బద్దలూ చూపించి సేటు చెప్పినదంతా చెప్పాను. వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"గింతేనా బిడ్డా? గీ పుల్లల కోసం ఇన్నొద్దులు నా చేతుల్నే తిట్టుకుంటినా?"

తర్వాత కోపమొచ్చింది ఆయనకు. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. తెల్లారి నాకంటే ముందే తయారై బస్సు దగ్గర నిలబడ్డాడు. అహేరిలో సేటు ఎంత మొత్తుకున్నా వినకుండా, ఢోల్కీల పక్కన బల్ల మీద కూర్చుని, చూరుకున్న గిటార్లు ఒక్కొక్కటీ దించమన్నాడు. బద్దలు లాగి కింద పారేశాడు. మధ్యాహ్నం ఒక కుర్రవాడు వచ్చి వాటిలో ఒకదాన్ని అందుకుని, అందరిలాగే తీగ గుంజి విడవబోయాడు. సేటు భయంగా చూశాడు. చిన్నబాపు తన మొరటు చేత్తో ఆ పిల్లవాడి వేలు పట్టుకుని ఆపాడు.

"గట్ల గుంజకు తమ్మీ. ఈడ నొక్కి చూడు. తీగ వంగకపోతే కొనకు. గంతేగని నీ చేతుల్ని మాత్రం తిట్టుకోకు."