చప్పట్లు కొట్టని తాత

నిన్న టీవీలో ఒక చిన్నపిల్ల పియానో వాయిస్తుంటే మా ఊరి దొర గుర్తొచ్చి ఒళ్లు మండింది. దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘానికి జడిసి పట్నం పారిపోయిన ఆ పిరికివాడు, సంఘాన్ని అణచడానికి మిలిటరీ దిగాక ఖద్దరు టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. తన గడీ ముందు వేదిక కట్టించి, ఊళ్లోని ముసలివాళ్లను పోగేసి, ఎనిమిదేళ్ల నన్ను హార్మోనియం ముందు కూర్చోబెట్టాడు. అందరూ చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొడితే, అదంతా నా వేళ్ల గొప్పే అనుకున్నాను. ఒక తాత మాత్రం చేతులు కట్టుకునే కూర్చున్నాడు.

వేదిక దిగగానే వెళ్లి అడిగాను. "నా పాట మంచిగ లేదా తాతా?"

"మంచిగనే ఉంది బిడ్డా. చప్పట్లు కొడితే గా టోపీకి పోతయి. గందుకే కొట్టలే."

టోపీ మాసిందేమో అనుకున్నాను. సంఘంలో తిరిగిన ఆయన కొడుకును మిలిటరీకి పట్టిచ్చింది దొరేనని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు నా పాట విన్నది ఆయనొక్కడే.